ఝిన్‌కి 4 అంటే ఎందుకంత పిచ్చి?

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్‌లో ఝిన్ అనే పాత్రకి అన్నీ నాలుగే ఎందుకు, దాని వెనక అర్థం ఉందా లేక ఊరికే స్టైల్ కోసమా అని అడిగారు. అర్థం ఉంది. జపనీస్‌లో నాలుగునీ, చావునీ కూడా 'షి' అనే అంటారు, చైనీస్‌లో ఆ రెండు మాటలకీ స్వరంలోనే తేడా, అందుకే అక్కడ కొన్ని బిల్డింగుల్లో నాలుగో అంతస్తుకి ఆ నంబరే పెట్టరు. ఆ గేమ్‌లో ఝిన్‌ది ఐయోనియా అనే దేశం, అందులో తూర్పు ఆసియా పోలికలు చాలా ఉన్నాయి, వాడేమో హత్యని నాటకంలా ప్రదర్శించేవాడు. ఇంక నాలుగు కాక ఏం ఇస్తారు!

అయితే 2016లో వాడు వచ్చిన కొత్తల్లో నేనీ కథ ఒక్క ముక్క చదవలేదు, నేరుగా ఆడేశా. తుపాకీలో నాలుగే తూటాలు, నాలుగోది ఎప్పుడూ క్రిట్ (అంటే మామూలుకన్నా గట్టి దెబ్బ), ఎదుటివాడి హెల్త్ ఎంత తగ్గి ఉంటే అంత గట్టిగా తగులుతుంది, అల్టిమేట్‌లోనూ (వాడి అతిపెద్ద శక్తి) నాలుగే షాట్లు. వారం తిరిగేసరికి ఒకటి, రెండు, మూడు అని నోట్లోనే లెక్కపెట్టుకోవడం అలవాటైపోయింది. మూడు తూటాలు మినియన్ల మీద (కంప్యూటర్ నడిపే చిన్న సైనికులు) ఖర్చుపెట్టి నాలుగోదానితో పొదలో కాచుకుంటే, నేనేమీ చేయకముందే అవతలివాళ్లు వెనక్కి జరుగుతారు. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, ఓసారి అవతలి జట్టు టవర్ ఇంకొక్క దెబ్బకి పడిపోతుంది, నా దగ్గరున్నది నాలుగో తూటా, దాన్ని రాళ్లమీద పారేయడం అపచారం అన్నట్టు మనిషి కోసం చూస్తూ ఆగిపోయా. టవర్ నిలబడింది, మ్యాచ్ పోయింది. చాట్‌లో పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను.

ఇలా చేతికి తగిలిన అంకె ఇంకోటి ఫైనల్ ఫాంటసీ 7 అనే గేమ్‌లో ఉంది (1997). పోరాటంలో హెచ్‌పీ (ప్రాణబలం) సరిగ్గా 7777కి వస్తే ఆ పాత్ర దానంతటదే 64 దెబ్బలు కొడుతుంది, ఒక్కోటీ 7777. దానికోసం పోషన్లు కూడి తీసి లెక్కలేసిన రోజులున్నాయి నాకు. హిట్‌మ్యాన్ గేమ్‌లో హీరో పేరైన 47 అలా కాదు, అది తల వెనక బార్‌కోడ్ చివరి రెండంకెలు, క్లోన్‌కి వేసిన నంబరు. దాన్ని 46 చేసినా మిషన్లు ఇలాగే ఆడతాం, ఝిన్‌కి ఐదో తూటా ఇచ్చి చూడండి.

ఫ్యాన్ థియరీలు మాత్రం సగం వదిలేయండి. పుట్టినరోజులు, డైలాగుల్లో అక్షరాలు కూడుతూ పోతే ఏ పాత్రకైనా నాలుగు తేలుతుంది.