సమాధానం: వష్టి బన్యన్ ఆల్బమ్ 1970దా, 2000దా?

మీ సీడీ మీద 2000 అని, వేరే చోట 1970 అని ఉందని, పాటల లెక్కా కలవడం లేదని అడిగారు. రెండు సంవత్సరాలూ సరైనవే, ఆల్బమ్ మాత్రం ఒక్కటే.

బ్రిటిష్ జానపద గాయని వష్టి బన్యన్ తొలి ఆల్బమ్ ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ని 1969 చివర్లో లండన్‌లో జో బాయిడ్ నిర్మాణంలో రికార్డు చేశారు. ఆమె గుర్రబ్బండి మీద స్కాట్లండ్ దీవుల వైపు వెళ్తూ దారిలో రాసుకున్న పాటలే చాలావరకు ఇందులో ఉన్నాయి. 1970 డిసెంబరులో ఫిలిప్స్ రికార్డు సంస్థ ఎల్పీగా (గ్రామఫోన్ రికార్డుగా) తెచ్చింది. దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు. అంత మంచి గొంతు ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు దాదాపు మూగబోయిందంటే ఇప్పటికీ బాధేస్తుంది. 2000లో స్పిన్నీ సంస్థ సీడీగా మళ్లీ విడుదల చేశాకే కొత్త తరం ఆమెను విన్నది. 2005లో రెండో ఆల్బమ్ ‘లుక్ఆఫ్టరింగ్’ వచ్చింది.

పాటల తేడా కూడా అక్కడిదే. అసలు ఎల్పీలో 14 పాటలు. సీడీలో చివరి నాలుగూ తర్వాత చేర్చినవి. ముందు ‘ఐరిసెస్ సాంగ్ ఫర్ అస్’ దగ్గర ఆపి వినండి, ఆల్బమ్ అక్కడితో పూర్తవుతుంది.

పాత ఎల్పీ కొనే ఆలోచన ఉంటే లేబుల్ మీద ఫిలిప్స్ పేరు చూడకుండా డబ్బు ఇవ్వకండి, ధర చాలా ఎక్కువ.