ఎండాకాలంలో కడిగిన నెగటివ్‌లు నల్లగా వస్తుంటే

హెచ్‌పీ5 అనే 400 వేగం నలుపు-తెలుపు ఫిల్మును, డీ-76 అనే డెవలపర్‌లో (ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు) నీళ్లు ఒకటికి ఒకటి కలిపి 11 నిమిషాలు కడిగినా, నెగటివ్‌లో ఆకాశమంతా నల్లగా మూసుకుపోయిందని మీరు అన్నారు. కారణం నీళ్ల వేడి అయ్యుంటుంది. ఆ 11 నిమిషాల లెక్క 20 డిగ్రీలకు. మేలో తిరుపతి మేడమీది ట్యాంకు నీళ్లు 32 దాటడం మామూలే.

ముందు ఫిల్ము అంచు చూడండి. అక్కడి అంకెలూ ఉబ్బి నల్లబడితే కడగడం ఎక్కువైనట్టు. అవి శుభ్రంగా ఉండి బొమ్మే నల్లగా ఉంటే వెలుతురు ఎక్కువ పడింది, కెమెరా పాత షట్టర్ నెమ్మదించి ఉండొచ్చు.

1. ఫ్రిజ్ నీళ్లలో కుళాయి నీళ్లు కలిపి 16కు తెండి. 32లో ఉన్న డెవలపర్ 150 మి.లీ.కి ఆ నీళ్లు 150 మి.లీ. పోస్తే దాదాపు 24 వస్తుంది. అప్పుడు సుమారు ఏడున్నర నిమిషాలు చాలు.

2. చాలామంది మరిచేది ఇదే: ఫిల్ము కడిగే ట్యాంకు, దాంట్లో ఫిల్ము చుట్టే రీలు కూడా గదిలోని వేడితోనే ఉంటాయి. డెవలపర్ పోయగానే దాని వేడి మళ్లీ పెరుగుతుంది. అందుకే ముందు 24 డిగ్రీల నీళ్లు నింపి, నిమిషం ఉంచి పారబోయండి. రంగునీళ్లు వస్తే భయపడకండి, అది ఫిల్ము వెనక పూత. తర్వాత ట్యాంకును 24 డిగ్రీల నీళ్ల బేసిన్‌లోనే ఉంచి, థర్మామీటర్‌తో మధ్యమధ్య చూసుకోండి.

3. స్టాప్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం), ఫిక్సర్ (బొమ్మను నిలిపే ద్రావణం), చివరి కడుగునీళ్లు కూడా 24 దగ్గరే ఉండాలి. ఒక్కసారిగా వేడి నీళ్లలో పడితే ఎమల్షన్ (ఫిల్ము మీద బొమ్మ ఉండే పొర) ముడతలు పడొచ్చు.

ఈసారి ఫోమాపాన్ 100 అనే 100 వేగం ఫిల్ము కొనండి. ధర తక్కువ. పైగా షట్టర్ 1/200 దాటని కెమెరాకు మన ఎండలో 400 ఫిల్ము మరీ ఎక్కువ.