పాత టేకు బల్లకు ధర కట్టే పద్ధతి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పడగొట్టిన మండువా ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు కొని స్టాండింగ్ డెస్కులు, అంటే నిలబడి పని చేసుకునే బల్లలు, చేస్తున్నావనీ, మొదటిదానికి ఇరవై వేలు చెప్పదలచుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ ధర చెప్పవద్దు. పాత కలప చవక అన్న మాట కొన్న రోజు వరకే నిజం. మేకులు వెతికి పీకి, చెద తిన్న భాగాలూ చీలిన చివరలూ కోసి పారేసి, చిత్రిక పట్టేసరికి కొన్నదానిలో మూడోవంతు తుక్కుగా పోయినా ఆశ్చర్యం లేదు. లోపల దాగిన ఒక్క మేకు చాలు, రంపపు బ్లేడు పళ్ళు విరగడానికి. కనుక పెట్టిన డబ్బంతా మిగిలిన చెక్క మీదే వెయ్యాలి, శుభ్రం చేసిన రోజులను కూడా కూలిలో చేర్చాలి.

ఉదాహరణకు చెక్కకు 8,000, ఇనుప కాళ్ళకు 5,000, పాలిష్‌కూ మరలకూ 2,000, రోజుకు 1,200 చొప్పున ఏడు రోజుల పనికి 8,400, షెడ్డు అద్దె, కరెంటు, బ్లేడ్ల వాటాగా 2,600 అనుకుంటే ఖర్చే 26,000 అవుతుంది. దానిపై పావు వంతు లాభం కలిపితే 32,500. కూలి తీసుకున్నాక లాభమెందుకని మొహమాటపడకు. తర్వాతి దూలం కొనేదీ, అమ్ముడుపోని బల్లను భరించేదీ ఆ డబ్బే. హైదరాబాదు షోరూమువారు అమ్మకపు ధరలో పావు వంతు ఉంచుకుంటామంటే నీ 32,500కు పావు కలిపితే సరిపోదు, మూడోవంతు కలిపి సుమారు 43,300 చెప్పాలి. అందులో వారి పావు పోగా నీ 32,500 నీకు మిగులుతుంది. ఈ లెక్క దగ్గరే చాలామంది మంచి పనివారు దెబ్బతింటారు. అదే బల్లను నేరుగా వచ్చినవారికి మరీ తక్కువకు ఇస్తే షోరూమువారు మళ్ళీ నీ సరుకు పెట్టరు. జీఎస్టీ కట్టవలసిన స్థితి వచ్చాక చెక్క ఫర్నిచరుపై 18 శాతం పన్నును బిల్లులో విడిగా చూపించు.

ఎత్తు మారే మోటారు కాళ్ళు కావాలన్నవారికి వాటి ధరను వేరే వరుసలో రాసివ్వు. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం గల టేకు పలక ఒక్కటే దాదాపు 28 కిలోలు తూగుతుంది కాబట్టి, ఆ కాళ్ళు ఎంత బరువు మోస్తాయో చూసుకొని కొను. గోదావరి తేమలో ఉన్న చెక్క ఏసీ గదిలో అడ్డంగా కుంచించుకుంటుంది. మరలు బిగించే రంధ్రాలు కోలగా తియ్యకపోతే పలక చీలి, మరమ్మతు ఖర్చు నీ మీదే పడుతుంది.

బేరమాడేవారికి ధర తగ్గించకుండా సొరుగు తీసేస్తాననో, కొలత తగ్గిస్తాననో చెప్పు. మేకుల బెజ్జాలను దాచవద్దు, వాటి కోసమే కొనేవారున్నారు. రుజువు లేకుండా బర్మా టేకు అని మాత్రం అనవద్దు. కొనేవారిని రోజూ వేసుకునే చెప్పులతోనే నిలబెట్టి మోచేతి ఎత్తు కొలువు. సగం అడ్వాన్సు చేతికొచ్చాకే బల్ల కాళ్ళు కొయ్యి. ఒకరి ఎత్తుకు కోసిన బల్ల ఇంకొకరికి అమ్మడం కష్టం.

ఇట్లు,
నీ మేనమామ