పెద్ద అక్వేరియానికి కార్బన్ డయాక్సైడ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు మొక్కల ట్యాంకు. సిలిండరుకి సెరామిక్ డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్న బుడగలుగా వదిలేది) బిగించాం. సెకనుకి ఐదారు బుడగలు వదులుతున్నా రోటాలా మొక్క ఎదగట్లేదు. కుడి మూలన ఆకులకి నల్ల నాచు పడుతోంది. గ్యాస్ ఇంకా పెంచమంటారా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: పెంచకండి. ముందు ఎంత కరుగుతోందో చూడండి. మట్టీ రాళ్లూ పోగా మీ ట్యాంకులో నీళ్లు సుమారు 600 లీటర్లు. లీటరుకి 30 మిల్లీగ్రాముల లెక్కన 18 గ్రాముల గ్యాస్ ఎప్పుడూ కరిగి ఉండాలి. నీటి పైనుంచి గాల్లోకి పోయేది దీనికి అదనం. ఒక్క చిన్న డిఫ్యూజర్‌తో ఇది కష్టం. బుడగల్లో చాలా భాగం కరగకుండానే పైకి తేలి పగిలిపోతాయి. ఇంత పెద్ద ట్యాంకులో బుడగలు లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు.

గ్లాసుడు ట్యాంకు నీళ్లు విడిగా తీసి, ఒక రోజంతా ఎయిర్ స్టోన్‌తో గాలి కొట్టించి పీహెచ్ (నీటి ఆమ్లత్వపు కొలత) చూడండి. అది 7.6 వస్తే, లైట్లు వెలిగే వేళకి ట్యాంకులో 6.6 ఉండాలి. పీహెచ్ ఒక పాయింటు తగ్గిందంటే కరిగిన గ్యాస్ దాదాపు పది రెట్లయినట్టు. ఒక్కరోజులో అంత దించొద్దు. మొదట అర పాయింటు, తర్వాత రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెంగా, చేపల్ని గమనిస్తూ దించండి. డ్రాప్ చెకర్ (కరిగిన గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) కూడా వాడొచ్చు గానీ, అందులో ట్యాంకు నీళ్లు పోయకూడదు. కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 4 ఉన్న ద్రావణమే పోయాలి. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే సరిపోయింది, పసుపు అంటే ఎక్కువైంది. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, కాబట్టి అది చూపించేది ఇప్పటి సంగతి కాదు.

డిఫ్యూజర్ బదులు కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే ఫిల్టర్) నుంచి నీళ్లు తిరిగొచ్చే పైపుకి రియాక్టర్, అంటే గ్యాస్‌ని నీళ్లలో కరిగించే గొట్టం, కట్టండి. మూడంగుళాల పీవీసీ పైపు, సుమారు రెండడుగుల పొడవు, నిలువుగా ఉండాలి. నీళ్లూ గ్యాసూ పైనుంచి లోపలికి వెళ్లాలి, నీళ్లు కిందినుంచి బయటికి రావాలి. పైకి తేలబోయే బుడగని దిగే నీళ్లు అక్కడే ఆపుతాయి, అది అక్కడే కరిగిపోతుంది. అడుగునుంచి బుడగలు బయటికొస్తుంటే పైపు పొడవు చాలనట్టో, నీళ్ల వేగం ఎక్కువైనట్టో. సిలికాన్ ట్యూబు గుండా గ్యాస్ కొంత బయటికి పోతుంది, కాబట్టి పాలీయురేథేన్ ట్యూబు వేయండి. నీళ్లు వెనక్కి సిలిండరు వైపు వెళ్లకుండా ఆపే చెక్ వాల్వ్ మరిచిపోవద్దు.

ఇక ఆ కుడి మూల. డ్రాప్ చెకర్ తీసి ఒక రోజు అక్కడ పెట్టండి. మిగతా చోట ఆకుపచ్చగా ఉండి అక్కడ నీలంగా ఉంటే లోపం గ్యాస్‌ది కాదు, నీటి ప్రవాహానిది. ఎదురు చివర చిన్న వేవ్‌మేకర్ (నీళ్లని కదిపే పంపు) పెడితే ఆకులన్నీ మెల్లగా కదులుతాయి. గ్యాస్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయ్యే చోటే ఈ నల్ల నాచు ఎక్కువగా పడుతుంది.

ప్రశ్న: ఐదు కేజీల సిలిండరు ఏసీ బెడ్రూములో పెట్టుకోవచ్చా? మీటరు ముల్లు కదలట్లేదు, గ్యాస్ ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: బెడ్రూములో వద్దమ్మా. ఐదు కేజీలు మొత్తం లీకైతే సుమారు 2.8 ఘనమీటర్ల గ్యాస్. తలుపులు మూసిన 10 × 10 × 10 అడుగుల గదిలో అది గాలిలో దాదాపు పదో వంతు అవుతుంది. నిద్రలో ఉన్న మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. గాలి ఆడే హాల్లో, ఎండ తగలని చోట, నిలువుగా గోడకి గొలుసుతో కట్టి ఉంచండి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. జాయింట్లన్నిటికీ సబ్బు నురుగు రాసి చూడండి.

లోపల ద్రవం ఉన్నంతకాలం ఒత్తిడి గది వేడిని బట్టే ఉంటుంది, మిగిలిన గ్యాస్‌ని బట్టి కాదు. అందుకే ముల్లు కదలదు. తూకం వేసి, సిలిండరు మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయండి. ముల్లు దిగడం మొదలైందంటే సిలిండరు మార్చాల్సిందే. సింగిల్ స్టేజ్ (ఒత్తిడిని ఒకే దశలో తగ్గించే) రెగ్యులేటరైతే ఆ దశలో ఒక్కసారిగా ఎక్కువ గ్యాస్ వదిలేసే ప్రమాదముంది. కొనేటప్పుడు డ్యూయల్ స్టేజ్ (రెండు దశల్లో తగ్గించేది) తీసుకోండి, మన సిలిండరు వాల్వుకి దాని నట్టు పడుతుందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: కరెంటు పోయొచ్చిన రోజుల్లో పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మీ సొలినాయిడ్ (కరెంటుతో గ్యాస్‌ని తెరిచి మూసే వాల్వ్) మెకానికల్ టైమరు మీద ఉందేమో చూడండి. రెండు గంటలు కరెంటు పోతే ఆ టైమరు రెండు గంటలు వెనకబడుతుంది. లైట్లు సమయానికి ఆరిపోయినా గ్యాస్ మాత్రం చీకట్లో రెండు గంటలు వస్తూనే ఉంటుంది. రాత్రిళ్లు మొక్కలు గ్యాస్ తీసుకోవు, పైగా అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. మన వేసవిలో 30 డిగ్రీలున్న నీటిలో లీటరుకి 7.5 మిల్లీగ్రాములకి మించి ఆక్సిజన్ నిలవడమే కష్టం.

బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. లైట్లకి రెండు గంటల ముందు గ్యాస్ మొదలవ్వాలి, లైట్లు ఆరడానికి గంట ముందు ఆగాలి. సొలినాయిడ్‌ని ఫిల్టర్ ఉన్న లైన్లోనే కలపండి. సొలినాయిడ్ ఒక్కటే ఇన్వర్టరు మీదుంటే ఫిల్టర్ ఆగినా గ్యాస్ రియాక్టర్‌లో నిండుతూ పోతుంది. గ్యాస్ పోతుందని కొందరు నీటి పైభాగం కదలకుండా చేస్తారు, అది తప్పు. ఆ అలలతో పోయే గ్యాస్ ఖరీదు తక్కువే.

చేపలు నోళ్లు తెరిచి కనిపించగానే గ్యాస్ ఆపి, ఎయిర్ పంపు వేసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లు మూడో వంతు మార్చండి. తేరుకున్నా ఆ రోజు గ్యాస్ మళ్లీ తెరవకండి.