కన్ను ఎర్రబడిందంటే ముందు చూపు ఎలా ఉందో చూసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే మాట, కన్ను ఎర్రబడింది ఏ డ్రాప్స్ వేసుకోవాలి అని. డ్రాప్స్ సంగతి తర్వాత, ముందు మీరందరూ ఒక చిన్న పని చేయండి. ఒక కన్నుని నొక్కకుండా అరచేత్తో మూసి రెండో కంటితో గోడమీద క్యాలెండర్ అంకెలు చదవండి, తర్వాత ఆ కన్ను మూసి ఇటు కంటితో చదవండి. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్నే పని మొత్తం చేసేస్తుంది, అందుకే ఒక కంట్లో చూపు తగ్గినా చాలామందికి చాలా రోజులు తెలీదు. చూపు తగ్గడం, కంటి లోపల్నించి నొప్పి రావడం, వెలుతురు భరించలేకపోవడం, ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా అది ఇంట్లో కూర్చుని చూసుకునే ఎరుపు కాదు, కంటి డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్ళాలి.

ప్రశ్న: మా బాబుకి కళ్ళకలక వచ్చింది, రెండ్రోజులకి నాకూ అంటుకుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతున్నాయి. పోయినేడాది మావారికి డాక్టర్ రాసిన డ్రాప్స్ ఫ్రిజ్‌లో అలాగే ఉన్నాయి, వేసుకోవచ్చా డాక్టర్ గారూ? బాబు కళ్ళలోకి చూడొద్దు, చూస్తే అంటుకుంటుంది అంటున్నారు, నిజమేనా?

జవాబు: చూస్తే అంటుకోదమ్మా. బాబు కళ్ళు తుడిచిన చెయ్యి మన కంటికి తగిలితే అంటుకుంటుంది, టవల్, దిండు గలీబు, ఫోన్ వీటి మీదుగా కూడా వస్తుంది. కాబట్టి ఎవరి టవల్ వాళ్ళకి వేరుగా పెట్టి సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఉండండి, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకండి. కళ్ళకలక ఎక్కువగా ఎడినోవైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ డ్రాప్స్ ఏ వైరస్‌నీ చంపవు. మొదటి కొన్ని రోజులు పెరుగుతున్నట్టే ఉంటుంది, వారం రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. చల్లటి తడిబట్ట వేసుకోండి, మంటగా ఉంటే కన్నీళ్ళలాగా తడిగా ఉంచే లూబ్రికెంట్ డ్రాప్స్ చాలు. తుడిచిన కాసేపటికే పచ్చగా చిక్కగా పుసి మళ్ళీ నిండిపోతుంటే బ్యాక్టీరియా అయ్యుండొచ్చు, అప్పుడు మందు అవసరం. రెండు కళ్ళూ విపరీతంగా దురద పెడితే అది ఎలర్జీ కావచ్చు, దాని మందు వేరు. పుట్టి నెల కూడా కాని పసిబిడ్డకి కళ్ళు పుసి కడితే మాత్రం రేపటిదాకా ఆగకండి.

ఇక ఆ ఫ్రిజ్‌లో సీసా, దాన్ని దయచేసి పారేయండి. మూత తీసిన డ్రాప్స్ సాధారణంగా నెల దాటాక వాడకూడదు, కానీ నా అసలు భయం అది కాదు. మీవారికి రాసిన మందులో డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో ఉండి ఉండొచ్చు, అవి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో కూడా వస్తాయి. వేసిన ఒకట్రెండు రోజుల్లోనే ఎరుపు పోతుంది కాబట్టి జనానికి బాగా నమ్మకం కుదురుతుంది, మళ్ళీ కన్ను ఎర్రబడితే అదే వేస్తారు, పక్కింటివాళ్ళకీ చెప్తారు. కానీ ఆ ఎరుపు హెర్పిస్ అనే వైరస్ వల్లో ఫంగస్ వల్లో వచ్చిందైతే స్టెరాయిడ్ పడగానే లోపల అది ఇంకా పాకుతుంది, పైకి మాత్రం కన్ను తెల్లగా బాగున్నట్టే ఉంటుంది. వారాల తరబడి వాడితే కొందరికి కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి, నొప్పి ఉండదు కాబట్టి తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు, శుక్లం కూడా త్వరగా వస్తుంది. స్టెరాయిడ్ చెడ్డ మందని నేననడం లేదు, సరైన కంటికి సరైన రోజుల పాటు డాక్టర్ చూస్తూ వాడితే కన్నుని కాపాడుతుంది కూడా.

ఇంకో మాట, మీరు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళైతే, దానంతటదే తగ్గిపోతుందని పైన చెప్పింది మీకు వర్తించదు. లెన్స్ పెట్టుకునే కన్ను ఎర్రబడి నొప్పి పెడితే వెంటనే లెన్స్ తీసేసి అదే రోజు చూపించుకోండి, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పడితే ఒకట్రెండు రోజుల్లోనే కార్నియాని, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరని తినేయగలదు.

ప్రశ్న: సుత్తితో ఇనుప ఉలి మీద కొడుతుంటే కంట్లో ఏదో చురుక్కుమంది. కడిగేశాను, ఇప్పుడు నొప్పి లేదు, ఎరుపు కూడా పెద్దగా లేదు కానీ ఆ కన్ను కొంచెం మసగ్గా ఉంది. రెండ్రోజులైంది. ఇంకో రెండ్రోజులు చూడనా?

జవాబు: చూడొద్దు, ఇది చదివిన వెంటనే బయల్దేరండి. ఇనుము మీద ఇనుముతో కొట్టినప్పుడు లేచే పెచ్చు చాలా చిన్నగా ఉంటుంది, విపరీతమైన వేగంతో వస్తుంది, కార్నియాని చీల్చుకుని లోపలికి వెళ్ళినా ఆ రంధ్రం దానంతటదే మూసుకుపోతుంది, అందుకే నొప్పి ఉండకపోవచ్చు. లోపలుంటే ఒకట్రెండు రోజుల్లో ఇన్ఫెక్షన్ పుట్టి కన్నే పోవచ్చు, ఇన్ఫెక్షన్ రాకపోయినా ఇనుము మెల్లగా తుప్పు పట్టి నెలల తరబడి రెటీనాని, అంటే కంటి వెనక చూపునిచ్చే పొరని పాడుచేస్తుంది. డాక్టర్‌కి "సుత్తితో కొడుతుంటే తగిలింది" అనే మాట తప్పకుండా చెప్పండి, ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీస్తారు. ఎమ్మారై మాత్రం వద్దని మీరే గుర్తుచేయండి, దాని అయస్కాంతానికి లోపలి ముక్క కదిలి ఇంకా చీలుస్తుంది. దారిలో కన్ను నులమకండి, నొక్కకండి, మళ్ళీ కడగకండి. పేపర్ కప్పు అడుగు భాగాన్ని కోసి తీసుకుని దాని అంచు కంటి చుట్టూ ఎముక మీద ఆనేట్టు పెట్టి టేపు వేసుకోండి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి కాబట్టి ఏమీ తినకుండా వెళ్తే మంచిది. ఎవరికైనా కంట్లో ఏదైనా గుచ్చుకుని బయటికి కనిపిస్తుంటే దాన్ని లాగకండి, ఇలాగే కప్పి తీసుకెళ్ళండి.

మామూలు దుమ్ము నలక పడితే ఇంత కంగారు అక్కర్లేదు. రెప్పలు కొట్టండి, శుభ్రమైన నీళ్ళతో కడగండి, పై రెప్పని కింది రెప్ప మీదకి లాగి వదలండి. పోకపోతే పిన్నుతోనో అగ్గిపుల్లతోనో గెలకొద్దు. గ్రైండింగ్ చేసేటప్పుడు నల్లగుడ్డు మీద అతుక్కున్న ఇనుప రజను ఒక్కరోజులోనే తుప్పు వలయం వదులుతుంది, ఆలస్యమైతే రజనుతో పాటు దాన్ని కూడా గీకాలి. ఆకో పుల్లో గీసుకుంటే ఆ గీత పెద్దగా బాధ పెట్టకపోయినా కొన్ని రోజులకి నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే ఫంగస్ అని అనుమానించాలి. పనికి మళ్ళీ వెళ్ళేటప్పుడు పక్కలు కూడా మూసుకునే పాలికార్బొనేట్ గ్లాసెస్ పెట్టుకోండి, మామూలు కళ్ళజోడు ఆపదు.

ప్రశ్న: బాత్‌రూమ్ క్లీనర్ గానీ సున్నం గానీ కంట్లో పడితే ఏం చేయాలి? యాసిడ్ పడితే సోడా నీళ్ళు పోయాలంటారు, నిజమా?

జవాబు: వద్దు, దేనికి ఏది విరుగుడో ఆలోచించే టైమ్ లేదు. నీళ్ళు, మామూలు శుభ్రమైన కుళాయి నీళ్ళు, ఆ క్షణమే మొదలుపెట్టి కనీసం అరగంట పోస్తూనే ఉండాలి. రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకోండి, పాడైన కన్ను కిందివైపు ఉండేట్టు తల వంచండి, లేకపోతే ఆ నీళ్ళు రెండో కంట్లోకి పోతాయి. సున్నం, సిమెంట్, డ్రెయిన్ క్లీనర్ లాంటి క్షారాలు యాసిడ్ కంటే కూడా ప్రమాదం, అవి కంటి పొరల్ని కరిగిస్తూ లోపలికి దిగిపోతాయి. సున్నం ముక్కలు రెప్ప కింద ఇరుక్కుని ఉంటాయి, వాటిని డాక్టర్ రెప్ప తిరగేసి తీయాలి. కానీ ఆస్పత్రికి పరిగెత్తే ముందే కడగడం పూర్తి చేయండి, ఈ ఒక్కదానికి మాత్రం ముందు నీళ్ళు, తర్వాతే డాక్టర్.

ప్రశ్న: పొద్దున అద్దంలో చూసుకుంటే తెల్లగుడ్డు మీద రక్తం మరకలా ఉంది. నొప్పి లేదు, బాగానే కనిపిస్తోంది.

జవాబు: దగ్గో తుమ్మో గట్టిగా వచ్చినప్పుడు పైపొర కింద చిన్న రక్తనాళం చిట్లి ఉంటుంది. చూడ్డానికి భయంగా ఉన్నా రెండు వారాల్లో ఇంకిపోతుంది, మందు అక్కర్లేదు. బీపీ చూపించుకోండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. దెబ్బ తగిలాక ఇలా అయితే మాత్రం చూపించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకి అరవై దాటాయి. నిన్న రాత్రి ఒక పక్క భరించలేనంత తలనొప్పి, వాంతులు, ఆ వైపు కన్ను ఎర్రగా ఉంది, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. గ్యాస్ అనుకుని మాత్ర వేశాం, ఇప్పుడు కొంచెం నయం.

జవాబు: నయంగా ఉన్నా ఈరోజే కంటి డాక్టర్‌కి చూపించండి. మీరు రాసినవన్నీ కలిపితే కంట్లో నీరు బయటికి పోయే దారి ఒక్కసారిగా మూసుకుపోయి ప్రెషర్ పెరిగే రకం నీటికాసులలాగే ఉన్నాయి. వాంతులు చూసి కడుపు సమస్య అనుకుంటారు, తలనొప్పి చూసి మైగ్రేన్ అనుకుంటారు, ఈలోపు గంటల్లోనే చూపు నరం దెబ్బతినొచ్చు. నిజంగా అదే అయితే మందులతో ప్రెషర్ దించి, లేజర్‌తో ఐరిస్‌లో (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో) చిన్న రంధ్రం చేస్తారు, రెండో కంటికి కూడా ముందు జాగ్రత్తగా చేస్తారు. అమ్మగారి రక్తసంబంధీకులకి కూడా ఒకసారి కళ్ళు చూపించండి.

ప్రశ్న: నాన్నగారికి నిన్నట్నుంచి ఒక కంట్లో మెరుపులు, నల్లటి చుక్కలు చాలా ఎక్కువగా తేలుతున్నాయట. ఎరుపు లేదు, నొప్పి లేదు.

జవాబు: ఎరుపూ నొప్పీ లేవని ఊరుకోకండి, రెటీనాకి నొప్పి తెలీదు. ఎప్పట్నుంచో ఒకటో రెండో చుక్కలుంటే పర్వాలేదు, ఒక్కసారిగా ఇన్ని రావడం, మెరుపులు, పక్కనుంచి నీడలా తెర కమ్ముకోవడం ఇవి రెటీనా చిరుగుతోందని చెప్పే గుర్తులు. చిరుగు దశలోనే దొరికితే లేజర్ సరిపోతుంది, రెటీనా ఊడిపోయాక ఆపరేషనే. కంటిపాపని పెద్దది చేసే చుక్కలమందు వేసి చూస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి ఆయన్ని బండి నడపనివ్వకుండా మీరే తీసుకెళ్ళి తీసుకురండి.