మందులు ఆపకుండానే ఖర్చు తగ్గించుకునే దారి

మీ తమ్ముడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకు వాడే మందులకు నెలకు మూడు వేలు దాటుతోందని, అందుకే మాత్రలు రోజు విడిచి రోజు ఇస్తున్నామని రాశారు. దయచేసి అలా చేయకండి. అదుపులోకి వచ్చిన జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా ఇలాగే. జరిగింది దాచకుండా ఈ వారమే డాక్టరుగారికి చెప్పండి.

చీటీలో రిస్పెరిడోన్, ఓలాంజపిన్ రెండూ కంపెనీ పేర్లతోనే ఉన్నాయన్నారు. మందు అసలు పేరు రాసి ఇమ్మని అడగండి. జన్ ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా చౌక. మిల్లీగ్రాములు మాత్రం సరిచూసుకోండి. ఒక్క మందుతో సరిపోతుందా అని కూడా నిస్సంకోచంగా అడగండి. అది మీ హక్కు. సొంతంగా మాత్రం దేన్నీ మానేయకండి.

ఇంకో మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రం మొదలుకొని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వ్యాధుల మందులు ఉచితంగా ఇవ్వాలి. రిస్పెరిడోన్ ఆ జాతీయ జాబితాలో ఉంది. హైదరాబాద్ దగ్గరైతే ఎర్రగడ్డ, ఉత్తరాంధ్ర అయితే విశాఖ మానసిక వైద్యశాలకు పాత చీటీలన్నీ తీసుకుని వెళ్లండి. దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.