సుప్రీంకోర్టు కొలువులు, ఖర్చులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సుప్రీంకోర్టు సిబ్బందిని ప్రధాన న్యాయమూర్తే నియమిస్తారని ఒక పుస్తకంలో ఉంది. రాష్ట్రపతి ఆమోదం కావాలని మరో పుస్తకంలో ఉంది. దేన్ని నమ్మాలి?
– గ్రూప్-2 అభ్యర్థిని, దేవరకొండ

జవాబు: రెండూ నిజమేనండి, కాకపోతే అవి రెండు వేర్వేరు పనుల సంగతి. రాజ్యాంగం 146వ అధికరణ మొదటి క్లాజు ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే అధికారం భారత ప్రధాన న్యాయమూర్తిది, లేదా ఆయన చెప్పిన న్యాయమూర్తిది, అధికారిది. కోర్టులో ఇప్పటికే పనిచేయని బయటివాళ్లను ఫలానా పోస్టుల్లోకి తీసుకోవాలంటే యూపీఎస్సీని సంప్రదించాలని రాష్ట్రపతి నిబంధన పెట్టవచ్చు, అంతవరకే. సర్వీసు నిబంధనలు రెండో క్లాజులో ఉన్నాయి. వాటినీ ప్రధాన న్యాయమూర్తే రూపొందిస్తారు. అందులో జీతం, అలవెన్సులు, సెలవు, పింఛను అనే నాలుగింటికి మాత్రమే రాష్ట్రపతి ఆమోదం కావాలి. క్రమశిక్షణ, పదోన్నతి వంటివాటికి అక్కర్లేదు. పరీక్షలో ఎక్కువమంది తప్పు రాసేది ఈ నాలుగు మాటలు వదిలేసే.

మరి ఆమోదం రాకపోతే? హైకోర్టుల విషయంలో 229వ అధికరణ ఇదే పని గవర్నర్‌కు అప్పగించింది. సచివాలయ సిబ్బందితో సమానంగా జీతాలు కావాలన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రతిపాదనను మామూలుగా ఆమోదించాలి, అయితే ఆమోదించి తీరాలని రిట్ (కోర్టు ఆదేశం) ద్వారా ఒత్తిడి చేయడం కుదరదు. మన నేల మీద పుట్టిన కేసు ఇది, గుర్తుపెట్టుకోండి.

ఇక ఈ కొలువులు ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) నోటిఫికేషన్లలో కనిపించవు, కోర్టే సొంతంగా ప్రకటిస్తుంది. 2025లో 241 జూనియర్ కోర్ట్ అసిస్టెంట్ పోస్టులకు డిగ్రీ, ఇంగ్లిష్ టైపింగులో నిమిషానికి 35 పదాల వేగం అడిగారు. టైపింగు ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: సుప్రీంకోర్టు ఖర్చు మీద లోక్‌సభ ఓటు వేయదంటారు. అంటే లెక్కాపత్రం లేకుండా ఎంతైనా వాడుకోవచ్చా?
– లెక్చరర్, మహబూబ్‌నగర్

జవాబు: వాడుకోవడానికి వీల్లేదండి. 146(3) ప్రకారం సిబ్బంది జీతాలు, పింఛన్లతో సహా కోర్టు పాలనా వ్యయం కేంద్ర సంచిత నిధి (కేంద్ర ప్రభుత్వ రాబడి చేరే ప్రధాన ఖాతా) మీద ఛార్జ్ అవుతుంది. 113వ అధికరణ ప్రకారం దాన్ని ఓటుకు పెట్టరు, కానీ సభలో చర్చించవచ్చు. ఓటింగ్ లేదంటే చట్టం అక్కర్లేదని చాలామంది పొరబడతారు. 114 ప్రకారం ఛార్జ్డ్ మొత్తం కూడా ద్రవ్య వినియోగ చట్టంలోకి (నిధి నుంచి డబ్బు తీయడానికి పార్లమెంటు అనుమతిచ్చే చట్టం) ఎక్కాలి, అది లేకుండా నిధి నుంచి పైసా తీయలేరు. ఆ బిల్లుపై సవరణ తెచ్చి ఆ మొత్తాన్ని మార్చలేరు. తీర్పు నచ్చలేదని ఏ సభా కోర్టు ఖర్చుకు కోత పెట్టకుండా కాపాడేది ఇదే, నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకు ప్రాణం కూడా ఇదే.

కోర్టు వసూలు చేసే ఫీజుదీ ఇదే దారి. నాగర్‌కర్నూల్ కక్షిదారు ఢిల్లీలో అప్పీలుకు కట్టిన కోర్టు ఫీజు కోర్టు ఖాతాలో ఉండిపోదు, సంచిత నిధిలో కలుస్తుంది.

న్యాయమూర్తుల జీతాలకు 146 కాదు, 125, 112(3) చూడాలి. ప్రధాన న్యాయమూర్తికి నెలకు రూ.2,80,000, మిగతావారికి రూ.2,50,000. హైకోర్టు న్యాయమూర్తుల జీతం రాష్ట్ర సంచిత నిధి నుంచి, పింఛను మాత్రం కేంద్ర నిధి నుంచి వస్తుంది. ఈ తేడాను విద్యార్థులకు బోర్డు మీద రాసి చూపించండి.

ప్రశ్న: నల్లగొండ జిల్లా కోర్టులో జూనియర్ అసిస్టెంట్‌కూ 146 వర్తిస్తుందా?
– నకిరేకల్ పాఠకుడు

జవాబు: వర్తించదు, 229 కూడా వర్తించదు. అది హైకోర్టు సొంత సిబ్బందికే. జిల్లా కోర్టు ఉద్యోగులకు రాష్ట్ర నిబంధనలు, హైకోర్టు అజమాయిషీ ఉంటాయి. జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. నోటిఫికేషన్ తెలంగాణ హైకోర్టు ఇస్తుంది కాబట్టి టీజీపీఎస్సీ వెబ్‌సైట్‌లో వెతక్కండి.